పచ్చికంచె కత్తిరింపు – కాలం, క్రమం: వరంగల్ ఉద్యానాల నేపథ్యం

వ్యాస సంగ్రహం

ఇంటి ఆవరణలలో, విద్యాసంస్థలలో, ఉద్యానాలలో పెంచే పచ్చికంచెను ఎప్పుడు, ఎంత మేరకు, ఏ ఆకృతిలో కత్తిరించాలన్న ప్రశ్నను వరంగల్ ప్రాంత వాతావరణానికి అన్వయించి వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. శీతలదేశాల తోటపని పుస్తకాలు చెప్పే కాలసూచన ఇక్కడి ఎండలకు పొసగదు. దానికి బదులుగా తెలుగు రైతు వాడే కార్తెల లెక్క, పంచాంగంలోని కర్తరి నిషేధం, ఆషాఢ గోరింట ఆచారం, కోతకు సంబంధించిన తెలుగు క్రియాపదాల అర్థభేదాలు ఈ పనికి ఎంతవరకు ఉపకరిస్తాయో వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: పచ్చికంచె, వెలుగు, దడి, కార్తెలు, కర్తరి, అగ్రాధిక్యత, గోరింట, కట్టవాలు.

1. ఉపోద్ఘాతం

తెలంగాణ రాష్ట్ర అవతరణ దినోత్సవం జూన్ 2. జెండా వందనానికి ముందు కార్యాలయాల, కళాశాలల ఆవరణలు ముస్తాబు కావడం సహజం. ముగ్గు, సున్నం, తోరణాలతో పాటు దారికి ఇరువైపులా ఉన్న పచ్చికంచెను కూడా తాడు పట్టినట్టు సమంగా కత్తిరించమని తోటమాలికి పురమాయిస్తారు. ఆ పని జరిగేది మే చివరి వారంలో, అంటే రోహిణి కార్తెలో. రోహిణిలో రోళ్లు పగులుతాయని సామెత. ఆ ఎండలో కత్తెర పడిన దురంత కంచె పదిరోజుల్లో గోధుమరంగుకు తిరుగుతుంది. కొన్నిచోట్ల చిగురిస్తుంది, కొన్నిచోట్ల ఎండిపోయి సందులు మిగులుతాయి. వర్షాకాలంలో ఆ సందులు కనిపించినప్పుడు నిందపడేది నీళ్లు పోసినవారి మీద, లేదా మొక్కను అమ్మిన నర్సరీ మీద. కత్తిరించిన తేదీని ఎవరూ గుర్తుచేసుకోరు.

ఇదే కంచెను ఆగస్టు 15కు ముందు ఇంతకంటె గట్టిగా కత్తిరించినా ఏ హానీ జరగదు. రెండు ఉత్సవాల మధ్య ఉన్నది పదకొండు వారాల వ్యవధే అయినా, మొక్క దృష్టిలో అవి రెండు వేరు వేరు ఋతువులు. పచ్చికంచె కత్తిరింపులో నైపుణ్యం కత్తెర పట్టడంలో సగమే. మిగిలిన సగం రోజును ఎంచుకోవడంలో ఉంది.

2. వెలుగు, దడి, కంచె: పదాల వెనుక పనులు

ఆవరణను సూచించే తెలుగు పదాలలో ప్రతిదానికీ తనదైన వస్తువు ఉంది. తాటికమ్మలు, కందికట్టె, పత్తికట్టె వంటివాటిని నిలువుగా పాతి అడ్డకర్రలతో బిగించినది దడి. అల్లినది తడక. ముళ్లకొమ్మలు కొట్టి తెచ్చి చేని చుట్టూ పరచినది కంప. వెలుగు అన్న మాటకు కాంతి అన్న అర్థం అందరికీ తెలుసు. దానికి కంచె అన్న అర్థం కూడా ఉన్నదని నిఘంటువులు చెబుతాయి. తెలంగాణ పల్లెల్లో ఈ రెండవ అర్థంలో ఎలుగు అన్న రూపం వినిపిస్తుంది. కంచె శబ్దానికి దగ్గరగా ఉన్న కంచ అన్న రూపానికి తెలంగాణలో పశువులు మేసే గడ్డిభూమి అన్న అర్థం స్థిరపడింది. కంచ గచ్చిబౌలి వంటి స్థలనామాలలో ఉన్నది ఈ మాటే.

వీటిలో దడి, తడక, కంప మూడూ చచ్చిన కట్టెతో కట్టేవి. ఏటేటా చెదలు తింటుంది, గాలికి ఒరుగుతుంది, నిప్పుకు కాలుతుంది, మళ్లీ కట్టుకోవాలి. వాటిని మరమ్మతు చేయడమే తప్ప కత్తిరించడం ఉండదు. గచ్చ, వాక, కాడజెముడు, నాగజెముడు, సీమచింత వంటి మొక్కలను వరుసగా పెంచి చేనికి అడ్డుగా నిలిపే పద్ధతి కూడా పల్లెకు పాతదే. అయితే అక్కడ కూడా దారికి అడ్డం వచ్చిన కొమ్మను కొట్టడం ఉన్నది గాని, ఆకృతి కోసం కత్తిరించడం లేదు. అందుకే శుభ్రంగా గోడలాగా నిలిచే ఉద్యానపు కంచెకు పాత మాట లేక, పచ్చికంచె, సజీవ కంచె, జీవకంచె అన్న సమాసాలను ఇటీవలివారు కల్పించుకోవలసి వచ్చింది. ఈ వ్యాసంలో వాడిన మాట పచ్చికంచె.

చచ్చిన కంచెకూ బతికిన కంచెకూ ఉన్న తేడా చరిత్రలో ఒకసారి పెద్ద ఎత్తున పరీక్షకు వచ్చింది. పందొమ్మిదో శతాబ్దంలో ఉప్పు పన్ను ఎగవేతను అరికట్టడానికి బ్రిటిష్ ప్రభుత్వం ఉత్తర, మధ్య భారతాల గుండా సుంకపు సరిహద్దు ఒకటి ఏర్పాటు చేసింది. మొదట ఎండుకంప పేర్చారు. ఏటా దానిని తిరిగి పేర్చలేక సతమతమయ్యారు. 1867 నుంచి 1870 వరకు ఆ శాఖకు కమిషనర్‌గా ఉన్న ఎ.ఓ. హ్యూమ్ ఎండుకంపకు బదులు తుమ్మ, రేగు, వాక, జెముడు జాతులతో పచ్చికంచెను విస్తరింపజేశాడు. ఈయనే తరువాత 1885లో కాంగ్రెస్ స్థాపనలో పాలుపంచుకొన్న హ్యూమ్. వందల మైళ్ల ఆ కంచె 1879లో సుంకపు సరిహద్దు రద్దు కావడంతో దిక్కులేనిదై పోయింది. కాపలాదారులు, కొడవళ్లు లేకుండా పోయిన కొన్ని దశాబ్దాలలోనే దాని ఆనవాళ్లు వెతుక్కోవలసిన స్థితి వచ్చింది. పచ్చికంచె నాటడంతో పూర్తయ్యే పని కాదు. అది ఏటేటా చేసే పని.

3. కత్తెర పడిన కొమ్మలో జరిగేది

కొమ్మ చివర ఉండేది కొనమొగ్గ. ప్రతి కణుపు దగ్గర, ఆకుతొడిమ కాండంతో కలిసే మూలలో ఉండేది గ్రీవపు మొగ్గ. కొనమొగ్గ పెరుగుతున్నంత కాలం దిగువనున్న గ్రీవపు మొగ్గలు నిద్రావస్థలో ఉంటాయి. దీనిని వృక్షశాస్త్రంలో అగ్రాధిక్యత అంటారు. 1933లో కెన్నెత్ థీమన్, ఫోక్ స్కూగ్ అనే శాస్త్రవేత్తలు ఒక చిక్కుడు జాతి మొక్క కొనను తుంచి, ఆ గాయం మీద ఆక్సిన్ అనే హార్మోనును ఉంచారు. కొన లేకపోయినా పక్కమొగ్గలు కదలలేదు. కొన నుంచి కిందికి దిగే ఆక్సినే వాటిని అణచి ఉంచుతున్నదని దీనివల్ల తేలింది. తరువాతి పరిశోధన ఈ చిత్రానికి మరో అంశం చేర్చింది. బఠానీ మొక్క మీద జరిగిన, 2014లో వెలువడిన అధ్యయనం ప్రకారం, కొనను తొలగించగానే అక్కడికి పోవలసిన చక్కెరలు పక్కమొగ్గలకు చేరడం వాటి మేల్కొలుపుకు తొలి సంకేతం.

పత్తి రైతుకు ఈ విషయం ప్రయోగశాల లేకుండానే తెలుసు. ఏపుగా పెరిగిన పత్తికి తలలు తుంచితే పక్కకొమ్మలు వస్తాయి. పచ్చికంచె కత్తిరింపు కూడా తలలు తుంచడమే. కాకపోతే వేల తలలను ఒకేసారి, ఒకే ఎత్తున తుంచడం.

ఒక కొనకు బదులు రెండు మూడు కొత్త కొమ్మలు రావడమే కంచె చిక్కబడడానికి కారణం. కాని ఆ కొత్త కొమ్మలు ఊరికే రావు. వాటి తొలి ఆకులు తమ ఆహారం తాము తయారు చేసుకొనే దాకా కాండంలో, వేళ్లలో దాచుకొన్న పిండిపదార్థం ఖర్చవుతుంది. నేలలో తడి ఉండి, గాలిలో తేమ ఉంటే ఆ అప్పు రెండు మూడు వారాల్లో తీరుతుంది. మే నెలలో మొక్క నీటిని కాపాడుకోవడానికి పగటిపూట పత్రరంధ్రాలు మూసుకొని ఉంటుంది. అప్పుడు కత్తిరిస్తే నిల్వ ఖర్చవుతుంది, రాబడి ఉండదు. పైగా ఇంతకాలం పై ఆకుల నీడలో పలుచగా పెరిగిన లోపలి ఆకులు ఒక్కసారిగా నడి ఎండ పాలవుతాయి. వరంగల్ సుమారు 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే రెండవ వారంలో మధ్యాహ్న సూర్యుడు ఇక్కడ దాదాపు నడినెత్తికి వస్తాడు. సమంగా కోసిన కంచె పైభాగం ఆ ఎండకు నేరుగా ఎదురుగా ఉంటుంది.

4. కార్తెల లెక్కన కాలనిర్ణయం

శీతలదేశాల గ్రంథాలు చలికాలపు చివర గట్టి కోత, వసంతం దాటిన తరువాత వేసవిలో ఆకృతి కోత చెబుతాయి. అక్కడి వేసవి మొక్క పెరిగే కాలం. ఇక్కడి వేసవి మొక్క ప్రాణం నిలుపుకొనే కాలం. వేసవి అన్న ఒక్క మాటను అనువదించి వాడుకొన్నందువల్ల ఎన్ని కంచెలు ఎండాయో చెప్పలేము.

వరంగల్ ప్రాంతానికి వర్షంలో అధికభాగం జూన్ నుంచి సెప్టెంబరు వరకు వీచే నైరుతి ఋతుపవనాల వల్ల వస్తుంది. ఈ వానలను ఇరవై ఏడు నక్షత్రాల కార్తెలుగా విభజించి పని చేసుకోవడం రైతుకు అలవాటు. ఒక్కో కార్తె దాదాపు పదమూడు పద్నాలుగు రోజులు. సూర్యగమనం మీద ఆధారపడింది కాబట్టి ఏటా దాదాపు అవే తేదీలకు వస్తుంది. తోటపనికి ఆంగ్లమాసాల కంటె ఇది అనువైన కొలత. నెల మరీ పెద్దది. వారం మరీ చిన్నది. కొత్త చిగురు ముదరడానికి పట్టే కాలం ఒకటి రెండు కార్తెలు.

మృగశిర జూన్ 7, 8 తేదీలలో వస్తుంది. ఒక వాన పడగానే కత్తెర తీయడం తొందరపాటు. నేల జానెడు లోతు నానేటట్టు రెండు మంచి వానలు పడనివ్వాలి. అంటే సాధారణంగా మృగశిర చివర గాని, జూన్ 21, 22 తేదీలకు వచ్చే ఆరుద్రలో గాని ఏడాది తొలి కోత. ఇదే ఏడాదికంతటికీ ముఖ్యమైన కోత. ఎర్రచల్క నేలలు త్వరగా నాని త్వరగా ఆరుతాయి. అక్కడ తరువాతి వాన సూచన కూడా చూసుకోవాలి. రేగడిలో ఆ బెంగ తక్కువ గాని, తడినేల తొక్కుడుకు గట్టిపడుతుంది కాబట్టి కంచె మొదట్లో అడుగుపెట్టకుండా పలక వేసుకొని నిలబడడం మంచిది.

ఆరుద్ర నుంచి సెప్టెంబరు చివర వచ్చే హస్త దాకా పెరుగుదల జోరుగా ఉంటుంది. దురంత, క్లెరోడెండ్రం వంటివాటికి మూడు నాలుగు వారాలకు ఒకసారి కోత అవసరమవుతుంది. తేదీ కంటె కొలత నమ్మదగినది: కొత్త కొమ్మ నాలుగు నుంచి ఆరు అంగుళాలు పెరిగినప్పుడు, అందులో ఒక అంగుళం ఉంచి మిగతాది తీయాలి. ఏటేటా ఈ అంగుళాలు కలిసి కంచె ఎత్తు పెరుగుతుంది. దానికి మందు తరువాతి భాగంలో చెప్పే నరుకుడు. చిత్త, స్వాతి కార్తెల తరువాత వానలు వెనుకపడతాయి. చలికాలంలో ఆరు నుంచి ఎనిమిది వారాలకు ఒకసారి అంచులు సరిచేస్తే చాలు. జనవరి 26కు ముందు చేసే కోత ఈ కోవలోకి వస్తుంది, నష్టం లేదు.

ఫిబ్రవరిలో ధనిష్ఠ, శతభిషం కార్తెలు ఆఖరి అవకాశం. శిశిరం చివర, వసంతపు చిగురుకు ముందు చేసే ఈ కోత వల్ల వచ్చిన ఆకులు ఎండలు ముదిరేలోగా గట్టిపడతాయి. మహాశివరాత్రిని గుర్తుగా పెట్టుకొంటే మరచిపోవడం ఉండదు. అక్కడి నుంచి మృగశిర దాకా కంచె కొంత చింపిరిగా పెరిగినా పెరగనివ్వాలి. ఆ చింపిరి ఆకులే దానికి గొడుగు.

పంచాంగంలో కర్తరి అన్న కాలం ఒకటి ఉంది. సూర్యుడు భరణి చివరి పాదాలలో, కృత్తికలో, రోహిణి మొదటి పాదంలో ఉండే రోజులు. మే మొదటి వారం నుంచి దాదాపు నెలాఖరు వరకు. కర్తరి అంటే కత్తెర. ఈ రోజుల్లో గృహారంభం చేయరాదని, నేల తవ్వరాదని, చెట్లు నరకరాదని పంచాంగకర్తలు రాస్తారు. ఈ నిషేధం జ్యోతిషపరమైనది; దానిని వృక్షశాస్త్రపు తీర్మానంగా చూపడం పొరపాటు. గృహారంభానికీ మొక్క నిల్వలకూ సంబంధం లేదు. అయినా, కత్తెర అని పేరున్న కాలంలోనే కత్తెరను పక్కన పెట్టమన్న మాట ఈ నేల మీద ఎండతో సరిగ్గా కలిసింది. శాస్త్రం చెప్పినా వినని కార్యాలయాధికారి పంచాంగం చెబితే వింటాడేమోనని తోటమాలులు దానిని వాడుకోవడంలో తప్పులేదు.

జూన్ 2 సమస్యకు పరిష్కారం కత్తెరలో లేదు. ఫిబ్రవరి కోత సరిగా జరిగి ఉంటే మే చివరకు కంచె మరీ చెదరదు. పైకి పొడుచుకు వచ్చిన కొమ్మలను మాత్రం సాయంత్రం పూట ఒక్కొక్కటిగా తీసి, ఎండుటాకు దులిపి, మొదట్లో పాదు చేసి నీళ్లు పెడితే చూడముచ్చటగానే ఉంటుంది.

5. గిల్లడం, కత్తిరించడం, నరకడం

కోతకు తెలుగులో మాటలకు కొదవ లేదు. గిల్లడం, తుంచడం, కోయడం, కత్తిరించడం, చెక్కడం, కొట్టడం, నరకడం: ఇవి పర్యాయపదాలు కావు. గోటితో చేసేది గిల్లడం. వేళ్లతో చేసేది తుంచడం. రెండు అలుగుల పరికరంతో కత్తిరించడం. బరువు పెట్టి వేటు వేసేది నరకడం. వ్యవసాయ పరిభాషను మాండలికభేదాలతో సహా సేకరించిన భద్రిరాజు కృష్ణమూర్తి మాండలిక వృత్తిపదకోశం తొలి సంపుటం 1962లో వెలువడింది. ఉద్యానపు పనివారి పరిభాషను అలా సేకరించే పని ఎవరైనా చేపడితే ఈ క్రియలు మొదటి పుటలోనే ఉండదగినవి. పచ్చికంచె వయసును బట్టి చేయవలసిన మూడు పనులకు ఇవి సరిగ్గా సరిపోతాయి.

పసి కంచెను గిల్లాలి. మృగశిరలో అడుగు నుంచి అడుగున్నర ఎడంతో, చిక్కదనం కావాలంటే ఒకదాని సందులో మరొకటి వచ్చేలా రెండు వరుసలుగా నాటిన మొక్కలు నిలదొక్కుకొని అడుగు ఎత్తు రాగానే సగానికి తుంచాలి. నాటినవారికి ఇది కష్టంగా తోస్తుంది. మొక్క తొందరగా ఎత్తు పెరగాలన్న ఆశతో మొదటి ఏడాది ముట్టుకోకుండా వదిలేస్తారు. ఫలితం మూడో ఏట తెలుస్తుంది: పైన గుబురు, కింద బోసి కాళ్లు. ఆ సందుల్లోంచి కోళ్లు, మేకపిల్లలు యథేచ్ఛగా వస్తాయి. మొదటి రెండేళ్లు కొనలు గిల్లుతూ పోతే కొమ్మలు నేలనంటి మొదలవుతాయి. అప్పుడు రాని కింది కొమ్మ తరువాత రాదు.

ఎదిగిన కంచెను కత్తిరించాలి. పొడుగు అలుగుల కత్తెర గాని, విద్యుత్ యంత్రం గాని చిటికెనవేలు కంటె సన్నని కొమ్మలకే. అంతకు మించిన కొమ్మను సికేచర్‌తో లోపలికి ఒక కణుపు పైన కోస్తే మోడు బయటికి కనిపించదు. మందార వంటి పెద్ద ఆకుల మొక్కలకు పొడుగు కత్తెర వాడితే సగం తెగిన ఆకులు అంచు మాడి వికారంగా కనిపిస్తాయి. వాటికి సికేచరే తగినది. అలుగు మొద్దుబారితే కొమ్మ తెగదు, నలుగుతుంది. నలిగిన గాయం ఆరదు. తెగులున్న మొక్క నుంచి మరో మొక్కకు పోయే ముందు అలుగును స్పిరిట్‌తో తుడవాలి. ఒక్క కోతలో మొత్తం పచ్చదనంలో మూడోవంతుకు మించి తీయకూడదు.

పదేళ్లు దాటిన కంచె లోపల డొల్లగా ఉంటుంది. చేత్తో పక్కకు తీసి చూస్తే ఒక జానెడు మందాన ఆకు, ఆ వెనుక ఎండుపుల్లలు. దీనిని పైపైన కత్తిరించి లాభం లేదు, నరకాలి. ఆరుద్రలో, నేల బాగా నానిన తరువాత, అడుగున్నర ఎత్తుకు కొట్టవచ్చు. ఆవరణ బోసిపోకూడదనుకొంటే ఈ ఏడు ఒక వైపు కొమ్మలను మొదలుకంటా తీసి, వచ్చే ఏడు రెండో వైపు తీయాలి. బొటనవేలి కంటె లావైన గాయాలకు మైలుతుత్తం, సున్నం చెరొక కిలో పది లీటర్ల నీటిలో కలిపి చేసే బోర్డో పేస్టు పూస్తే వానకాలపు శిలీంధ్రం సోకదు. నరికిన నెలలో పశువుల ఎరువు వేయాలి. గోరింట, దురంత, మందార, కాగితంపూలు, క్లెరోడెండ్రం ఈ నరుకుడును తట్టుకొంటాయి. సరుగుడు, మోర్‌పంఖి తట్టుకోవు; ఆకులేని ముదురు కట్టె దాకా కోస్తే ఆ చోటు మళ్లీ పచ్చబడదు. ఈ రెండింటిని చిన్ననాటి నుంచి పైపైన తుంచుతూ అదుపులో పెట్టడం తప్ప మార్గం లేదు.

6. కట్టవాలు

కంచె అడ్డుకోత ఎలా ఉండాలన్నదానికి వరంగల్ పరిసరాల్లో ఉపమానం వెతకనక్కరలేదు. పాకాల, రామప్ప, లక్నవరం చెరువుల కట్టలు ఎనిమిది శతాబ్దాల నాటి కాకతీయుల పని. కట్ట అడుగున వెడల్పు, పైన ఇరుకు. ఓరుగల్లు కోట రాతిగోడకు వెలుపలి మట్టికోట కూడా అలాగే వాలుగా లేస్తుంది. మట్టి నిలవడానికి వారు పెట్టిన వాలు, పచ్చికంచెకు వెలుతురు కోసం అవసరం. పైభాగం వెడల్పైతే అది గొడుగులా కింది కొమ్మలకు నీడ పడుతుంది. నీడ పడిన కొమ్మ ఆకు రాలుస్తుంది. మెల్లగా చేసే ఈ తప్పు నిలబడి కోసే ప్రతివారూ చేస్తారు, ఎందుకంటే చేతికి అందే పైభాగం కంటె వంగి కోయవలసిన కింది భాగాన్ని ఎక్కువ లోతుగా తీస్తారు.

నాలుగడుగుల కంచెకు అడుగు భాగం రెండున్నర అడుగులుంటే పైన ఒకటిన్నర అడుగు చాలు. రెండు చివర్ల గుంజలు పాతి తాడు బిగించి, పక్కలను కింది నుంచి పైకి కోసుకుంటూ రావాలి, పైతలం ఆఖరున. తూర్పు పడమరలుగా సాగే కంచెకు చలికాలంలో ఉత్తరపు ముఖం మీద ఎండ దాదాపు పడదు. ఆ వైపు వాలు మరికొంత ఎక్కువ ఇచ్చి, కోత కొంత తగ్గించాలి. వేయి స్తంభాల గుడి ఆవరణ వంటి చోట్ల కంచె ఎత్తు మోకాలిని మించనివ్వకపోవడం సముచితం. అక్కడ కంచె పని నడకదారిని చూపడం, రాతిపనిని కప్పడం కాదు. రోడ్డు మధ్య విభాజకాల మీద కంచెకు వేరే పని ఉంది: ఎదుటి వాహనాల దీపకాంతిని ఆపడం. అక్కడ కూడళ్లు, మలుపుల దగ్గర మాత్రం బాగా దించి కోయకపోతే దాటే మనిషి కనిపించడు.

7. మొక్కను బట్టి

గోరింట కంచె విషయంలో కాలనిర్ణయం ఆచారమే చేసిపెట్టింది. ఆషాఢమాసం సాధారణంగా జూన్ చివర మొదలై జూలైలో ముగుస్తుంది. ఆరుద్ర, పునర్వసు, పుష్యమి కార్తెలకు సరిపోతుంది. ఇంటింటి ఆడపిల్లలు గోరింటాకు కోసం కొనలు దూయడం ఆ కంచెకు ఏటా జరిగే తొలి కోత. ఆకు దూసి కొమ్మను వదిలేయకుండా, చిగురు కొమ్మనే కత్తెరతో కోసుకొని ఇంటికి వచ్చి ఆకు దూసుకొంటే ఆచారమూ పూర్తవుతుంది, కత్తిరింపూ పూర్తవుతుంది. రాజస్థాన్‌లోని సోజత్ ప్రాంతంలో గోరింటను పంటగా పండించేవారు ఏటా దాదాపు నేలమట్టానికి కోస్తారు. అవే మొదళ్లు మళ్లీ మళ్లీ చిగురిస్తాయి. గోరింట ఎంతటి కోతనైనా ఓర్చుకొంటుందనడానికి అది సాక్ష్యం.

తంగేడు దీనికి విరుద్ధం. తెలంగాణ రాష్ట్రపుష్పమైన తంగేడును ఆవరణలో వరుసగా నాటుకొన్నవారు పునర్వసు దాటిన తరువాత కత్తెర తగలనీయకూడదు. ఆ ఏటి కొత్త కొమ్మల కొనల మీద పూత వస్తుంది. శ్రావణంలో సమంగా కత్తిరిస్తే ఎంగిలిపూల నాటికి బతుకమ్మలో పేర్చడానికి ఆకు తప్ప పువ్వుండదు. నూరువరహాలు కూడా కొనల మీదే పూస్తుంది కాబట్టి ఎడతెగని కత్తిరింపులో పువ్వు కనిపించదు. పూజకు పువ్వు కావాలా, గీత గీసినట్టు గోడ కావాలా అన్నది ముందే తేల్చుకోవాలి. నందివర్ధనం, మందార కొంత రాజీపడతాయి. ఒక కోతకూ మరో కోతకూ మధ్య ఎడం పెంచితే పూలు వస్తాయి. కాగితంపూలకు ఒక పూత విడత రాలగానే కోత.

పొలంగట్ల మీద పెంచే గిరిపుష్పం కంచెకు కోతకాలాన్ని వరి నిర్ణయిస్తుంది. నాట్లకు ముందు దమ్ము చేసేటప్పుడు కొమ్మలు కొట్టి పచ్చిరొట్టగా మడిలో తొక్కుతారు. బొటనవేలి లావు కొమ్మలను మూరెడు ముక్కలుగా కోసి కంచె సందుల్లో పాతితే ఆ వానలకే వేరు పోసుకొంటాయి. దురంత, గోరింట కోతముక్కలతోనూ సందులు పూడ్చుకోవచ్చు. దురంత కాయలు మాత్రం విషపూరితం; పసుపురంగు గుత్తులు పిల్లలను ఆకర్షిస్తాయి కాబట్టి బడి ఆవరణల్లో కాయ పట్టకముందే కొన తీసివేయాలి.

2015లో మొదలైన హరితహారంలో భాగంగా తెలంగాణ రోడ్లమీద విరివిగా కనిపించిన కోనోకార్పస్ ఏ కాలంలో కోసినా చిగురిస్తుంది. ఆ గుణమే దానిని అందరికీ నచ్చజెప్పింది. పుప్పొడి వల్ల శ్వాసకు ఇబ్బంది, వేళ్ల వల్ల పైపులకు నష్టం అన్న ఆరోపణల నేపథ్యంలో గుజరాత్ ప్రభుత్వం 2023లో దాని నాటకాన్ని నిషేధించింది. ఇప్పటికే ఉన్నవాటిని తొలగించే దాకా పూగుత్తి రాకముందే తరచుగా కత్తిరిస్తూ ఉండడం చేయదగిన కనీసపు పని. ఏ కాలంలోనైనా కోయదగిన మొక్క అన్నదే ఎంపికకు ప్రమాణం కాకూడదు. వరంగల్ కంచెలకు గోరింట, వాక, నందివర్ధనం చాలు.

8. కోతకు ముందు ఒక చూపు

పచ్చికంచెలో మనిషి పెట్టనివి కూడా ఉంటాయి. పిగిలిపిట్ట నడుమెత్తు గుబురులో గిన్నెలాంటి గూడు కడుతుంది. దర్జీపిట్ట ఆకుల అంచులు కుట్టి ఆ సంచిలో గుడ్లు పెడుతుంది. ఆకును ఆకుగానే చూసే కంటికి అది కనిపించదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం పక్షుల గుడ్లను పాడుచేయడాన్ని, గూళ్లను చెదరగొట్టడాన్ని వేట నిర్వచనంలోనే చేర్చింది. పిగిలిపిట్టల గూళ్లు ఎక్కువగా ఫిబ్రవరి నుంచి మే వరకు. దర్జీపిట్టలవి వానకాలంలో కూడా. అంటే ముఖ్యమైన ఆరుద్ర కోత నాటికి కూడా కంచె ఖాళీగా ఉంటుందన్న భరోసా లేదు.

యంత్రం ఆన్ చేసే ముందు ఒక పొడుగు కర్రతో కంచె పొడవునా మెల్లగా తట్టుకుంటూ నడవాలి. పిట్ట ఎగిరిన చోట ఆగి, కొమ్మలు పక్కకు తీసి చూడాలి. పాములు, తేనెటీగల పట్టులు ఉంటే అవీ అప్పుడే తెలుస్తాయి. ఆ జాగ్రత్త కోసేవారి కోసం. గుడ్లో పిల్లలో ఉన్న గూడు కనిపిస్తే దానికి రెండు వైపులా మూరెడు చొప్పున వదిలి, అక్కడ ఒక గుడ్డపేలిక కట్టి, మిగతాది కోసుకుపోవచ్చు. సుమారు నాలుగు వారాలలో గూడు ఖాళీ అవుతుంది. తరువాతి కోత ఎలాగూ అప్పటికే. వదిలిన ముక్క మిగతా కంచెతో అప్పుడు కలిసిపోతుంది.